సూది వేసే చెయ్యే అన్నం పెట్టాలి! అమ్మకి టైప్ వన్ షుగర్ ఉంటే ఇది వినకుండా నర్సుని కుదుర్చుకోకండి

సూది వేసే చెయ్యే అన్నం పెట్టాలి. మళ్ళీ చెప్తున్నా, సూది వేసే చెయ్యే అన్నం పెట్టాలి! అంటే ఇన్సులిన్ ఇచ్చే మనిషే దగ్గరుండి తినిపించాలి. పోయిన వీడియోలో ఈ ఒక్క మాట అన్నందుకు ఎంత గొడవైందో మీకు తెలుసు. నర్సుల్ని వంటమనుషుల్ని చేస్తావా అని కొందరు. వంటమనిషి చేత ఇంజెక్షన్ వేయిస్తావా, ప్రాణమంటే లెక్కలేదా అని ఇంకొందరు. ప్రాణమంటే లెక్క ఉంది కాబట్టే చెప్తున్నానండీ. ఇవాళ ఇంకా గట్టిగా చెప్తా.

ఒక ఇంటి సంగతి వినండి. విజయవాడ. మా బంధువుల్లో ఒకావిడ, డెబ్బై దాటింది, టైప్ వన్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని రకం షుగర్. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో. డబ్బుకి లోటు లేదు, ప్రేమకీ లోటు లేదు. ఏజెన్సీతో మాట్లాడి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి నర్సు వచ్చి ఇన్సులిన్ వేసి వెళ్ళేలా ఏర్పాటు చేశారు. వంటకి వేరే మనిషి. ఓ రోజు నర్సు ఏడున్నరకల్లా వచ్చింది, షుగర్ చూసింది, సూది వేసింది, పుస్తకంలో రాసింది, ఇంకో ఇంటికి వెళ్ళిపోయింది. ఎనిమిదింటికి రావాల్సిన వంటావిడ పిల్లాడికి జ్వరమని తొమ్మిది దాటాక వచ్చింది. ఎంత కొట్టినా తలుపు తీయరు. పక్క ఫ్లాట్ వాళ్ళ దగ్గరున్న తాళంతో తీస్తే పెద్దావిడ సోఫాలో కూర్చునే ఉంది. జాకెట్టు చెమటకి తడిసి ముద్దైపోయింది. టీవీ రిమోట్ చెవికి పెట్టుకుని కూతురితో మాట్లాడుతోంది. ఏమ్మా, తిన్నావా, పిల్లలు లేచారా అని రిమోట్‌తో మాట్లాడుతోంది! మీటర్ పెట్టి చూస్తే 41.

డెబ్బై కంటే తగ్గితేనే లో షుగర్ అంటారు. యాభై నాలుగు కంటే తగ్గిందంటే ప్రమాదంలో పడ్డట్టే, మెదడుకి తిండి అందట్లేదని అర్థం. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్, స్పృహ తప్పడం, ఆ పైన నేను చెప్పక్కర్లేదు. పంచదార నీళ్ళు తాగించారు, బతికింది. నర్సు పుస్తకం తీసి చూస్తే ఆ పొద్దున పేజీలో ఏముంది? "ఇన్సులిన్ ఇచ్చాం, పేషెంట్ బాగున్నారు." రాసిన టైముకి అది నిజమే! నర్సు తప్పు లేదు, వంటావిడ తప్పు లేదు, పిల్లల తప్పూ లేదు. ఆ ఏర్పాటే తప్పు. సూదికీ ముద్దకీ మధ్య గంటన్నర ఖాళీ వచ్చింది, ఆ గంటన్నరకి ఎవరూ జవాబుదారీ కాదు.

అందుకే నా వాదన ఒక్కటే. మన ఇళ్ళలో హోమ్ కేర్ అంతా పెరిగే షుగర్‌కి భయపడి కట్టుకున్నది. స్వీట్లు దాచేస్తాం, మామిడిపండు తింటే కేకలేస్తాం, అన్నం తగ్గించి పుల్కాలు పెడతాం. కానీ ఇన్సులిన్ మీదున్న పెద్దవాళ్ళని ఒక్క పూటలో పడేసేది పెరిగిన షుగర్ కంటే పడిపోయిన షుగరే. లడ్డూకి కాపలా కాస్తున్నాం, సూదికి కాస్తున్నామా?

మా రిపోర్టు ఆరు పాయింట్ రెండు వచ్చిందండీ అని గర్వంగా చెప్తారు. డెబ్బై ఐదేళ్ళ మనిషికి, అదీ ఇన్సులిన్ మీదున్న మనిషికి, హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష, 6.2 అంటే నాకైతే గుండె గుభేల్‌మంటుంది. మూడు నెలల సగటు అంత కిందకి ఉందంటే మధ్యలో ఎన్నిసార్లు డౌన్ అయిందో ఎవరు చూశారు? అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వాళ్ళే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 7 నుంచి 7.5 లోపు చాలంటున్నారు. నాలుగైదు జబ్బులున్నవాళ్ళకి 8 లోపు ఉన్నా ఫర్వాలేదంటున్నారు. వయసుతో పాటు కిడ్నీ నెమ్మదిస్తుంది, వేసిన ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. పదేళ్ళ కిందటి డోసే ఇంకా నడుస్తోందంటే ఈ వారమే డాక్టర్ని అడగండి.

ఇంకో ఏజెన్సీ ఆయన ఫోన్‌లో నాతో ఏమన్నాడో తెలుసా? "టైప్ వన్ పిల్లలకి కదండీ వచ్చేది, మీ వాళ్ళకి టైప్ టూ అయ్యుంటుంది." ఒళ్ళు మండింది. బ్రిటన్ ప్రధానిగా చేసిన థెరిసా మేకి టైప్ వన్ బయటపడింది 2012లో, అప్పటికి ఆవిడకి 56 ఏళ్ళు. ముందు ఆవిడకీ టైప్ టూ అనే చెప్పారు. మన క్రికెట్ పిచ్చోళ్ళందరికీ తెలిసిన వసీం అక్రమ్‌కి 1997లో, ముప్పై ఏళ్ళ వయసులో వచ్చింది. అదలా ఉంచండి, చిన్నప్పుడు వచ్చినవాళ్ళు ముసలివాళ్ళు కారా? 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బొస్తే చావే. ఆ తర్వాత పంది ఇన్సులిన్, ఆవు ఇన్సులిన్, గాజు సిరంజీలు గిన్నెలో మరగబెట్టుకుని వేసుకుంటూ యాభై ఏళ్ళు నెట్టుకొచ్చిన తరం ఇవాళ మన ఇళ్ళలో ఉంది. వాళ్ళు వీరులండీ! ఇన్నేళ్ళు తమ సూది తామే వేసుకున్నారు. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, చూపు ఆనట్లేదు, వేసుకున్నానా లేదా అన్నది గుర్తుండట్లేదు. మర్చిపోయి రెండోసారి వేసుకుంటే? అందుకేగా మనిషిని పెడుతున్నాం.

టైప్ టూకీ దీనికీ తేడా తెలియని మనిషిని ఇంట్లో పెట్టొద్దు. టైప్ టూలో ఇన్సులిన్ కొంత తయారవుతుంది, సరిగ్గా పనిచేయదు. టైప్ వన్‌లో ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. అందుకని అది పూర్తిగా ఆపడానికి లేదు, ఒక్క రోజు కూడా. ఇక్కడే నా మాటని తప్పుగా పట్టుకుంటున్నారు కాబట్టి చెవిన వేసుకోండి. చాలామందికి రెండు రకాల సూదులు ఉంటాయి. ఒకటి రోజంతా పనిచేసే లాంగ్ యాక్టింగ్. రెండోది భోజనం సూది, తినబోయే ముందు వేసేది. వాంతులవుతున్నాయి, అమ్మ ఏమీ తినలేదు, అందుకని ఇన్సులిన్ మొత్తం మానేశాం అన్నారనుకోండి, ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని రక్తం విషమైపోతుంది, ఐసీయూలో తేలతారు. తిననప్పుడు ఆలోచించాల్సింది భోజనం సూది గురించి. లాంగ్ యాక్టింగ్‌ని డాక్టర్ని అడగకుండా ఆపకూడదు. వాంతులు తగ్గకపోతే, షుగర్ పెరుగుతూ పోతే ఇంట్లో కూర్చోవద్దు, ఆసుపత్రికి పదండి.

ఇక మన తెలుగిళ్ళ సంగతి. శనివారం ఒక్కపొద్దు! కార్తీక సోమవారం, ఏకాదశి! అమ్మ రాత్రికి అన్నం మానేసి రెండు ఇడ్లీలో, గుప్పెడు ఉప్మానో పలహారం చేస్తుంది. నర్సుకి ఆ సంగతి తెలీదు, కాగితంలో 14 యూనిట్లని ఉంది, 14 వేసి వెళ్ళిపోతుంది. ఇంట్లో వండి వడ్డించే మనిషైతే ఇవాళ అమ్మగారు తినేది సగమేనని తెలుస్తుంది, వేసేముందు డాక్టర్‌కి ఫోన్ చేస్తుంది. ఇందుకే అంటున్నా, సూది వేసే చెయ్యే అన్నం పెట్టాలని. అందులోనూ 30/70 అని త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపి వచ్చే మిక్స్ ఇన్సులిన్ మీదున్నవాళ్ళైతే మరీ జాగ్రత్త, అది ఒకసారి ఒంట్లోకి వెళ్ళాక గడియారం చూసి తినాల్సిందే. ఉపవాసం మానమని నేను అమ్మలకి చెప్పలేను, చెప్పినా వినరు. ఉపవాసం రోజు డోసు ఎంతో డాక్టర్ చేత ముందే విడిగా రాయించుకోండి.

వంటమనిషి సూది వేయడమా అని అడిగినవాళ్ళకి నా జవాబు. ఇన్సులిన్ పెన్ కనిపెట్టిందే రోగి తన చేత్తో తాను వేసుకోవడానికి. బడికెళ్ళే పిల్లలు బాత్‌రూమ్‌లో నిలబడి వేసుకుంటున్నారు. డోసు డాక్టర్ రాస్తాడు, ఇంట్లో ఉండే కేర్‌టేకర్ చేత, షుగర్ ఉన్నవాళ్ళకి సూది వేసుకోవడం నేర్పే డయాబెటిస్ ఎడ్యుకేటర్ దగ్గర నాలుగుసార్లు ప్రాక్టీస్ చేయిస్తే ఎందుకు రాదు? హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియాల్లో, విశాఖలో కేజీహెచ్‌లో షుగర్, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. అమ్మని చూపించడానికి వెళ్ళేటప్పుడు కేర్‌టేకర్‌నీ వెంటబెట్టుకుని వెళ్ళండి. మనం ఎప్పుడూ ఆవిణ్ణి ఇంట్లోనే వదిలేసి వెళ్తాం! నర్సుని వద్దనట్లేదు. స్తోమత ఉంటే ఇంట్లోనే ఉండే నర్సుని పెట్టుకోండి, కాకపోతే ఆవిడే కంచం ముందు పెట్టి, తినడం చూడాలి. సూది వేసి పావుగంటలో వెళ్ళిపోయే నర్సు మాత్రం వద్దే వద్దు.

అయితే నేర్పించేటప్పుడు ఒక్క విషయంలో ప్రాణం మీదకి వస్తుంది, అది మాత్రం చూపించి తీరాలి. ఇదిగో, కెమెరా దగ్గరకి పెడుతున్నా. ఇది ఎర్ర మూత సిరంజీ, 40 అని ఉంది. ఇది నారింజ మూత, 100 అని ఉంది. మన దేశంలో సీసాల్లో ఎక్కువగా దొరికే ఇన్సులిన్ మిల్లీలీటరుకి 40 యూనిట్లది. పెన్నుల్లో పెట్టే చిన్న ఇన్సులిన్ గొట్టం, అదే కార్ట్రిడ్జ్, మిల్లీలీటరుకి 100 యూనిట్లది. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఈ ఎర్ర మూత సిరంజీతో పది గీత దాకా లాగారనుకోండి. చూడ్డానికి పదే. ఒంట్లోకి వెళ్ళేది ఇరవై ఐదు! రెండున్నర రెట్లు! ఇలాంటి పొరపాటుకి సర్టిఫికెట్ అడ్డురాదు, చూసే కన్ను కావాలి. మెడికల్ షాపు అబ్బాయి "ఏదైనా ఒకటేనమ్మా" అంటే నమ్మొద్దు. ఇంట్లో ఒక్క రకమే ఉంచండి, రెండోది బయట పారేయండి.

షుగర్ డౌన్ అయితే ఏం చేస్తారు? వెంటనే మేరీ బిస్కెట్లు తెచ్చి ఇస్తారు. చాక్లెట్ ఇస్తారు. చాక్లెట్‌లో ఉండే కొవ్వు వల్ల అది ఒంటికి పట్టేసరికి ఆలస్యమవుతుంది. మూడు నాలుగు టీ స్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, గ్లూకోజ్ పొడి ఉంటే మరీ మంచిది. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడండి, ఇంకా డెబ్బై లోపే ఉంటే మళ్ళీ ఇవ్వండి. పెరిగాక అప్పుడు బిస్కెట్లో, అన్నమో పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి కొట్టండి. ఇది కేర్‌టేకర్ చదువుకోగలిగేలా తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ళకి వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. అర్ధరాత్రి దిండు తడిగా ఉంటే అడగక్కర్లేదు, మీటర్ తియ్యండి.

రాత్రి అనగానే డల్లాస్ కొడుకు గుర్తొచ్చాడు. అమ్మ దగ్గర లేను, ఏం చేయలేను అని కుమిలిపోతున్నాడు. బాబూ, నువ్వు చేయగలిగింది ఇక్కడున్నవాళ్ళెవరూ చేయలేరు! ఇక్కడ తెల్లవారుజామున మూడైతే వేసవిలో నీకు సాయంత్రం నాలుగున్నర. ఇక్కడ కేర్‌టేకర్ పొద్దంతా చాకిరీ చేసి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయే టైముకి నువ్వు మెలకువగా ఉన్నావు. భుజానికి అంటించి షుగర్ చూసే సెన్సర్లు వచ్చాయి, కొన్నిటికి అలారం ఉంటుంది, రీడింగు వేరే దేశంలో ఉన్న ఫోన్‌కీ వెళ్తుంది. అన్ని రకాలకీ ఆ సదుపాయం లేదు, కొనేముందే అడుగు. అలారం మోగితే ఇక్కడి కేర్‌టేకర్ ఫోన్‌కి కొట్టు, ఎత్తకపోతే పక్క ఫ్లాట్ వాళ్ళకి కొట్టు. ఆ ఫోన్ రాత్రిపూట సైలెంట్‌లో పెట్టకూడదని ఒప్పందం ముందే చేసుకో. నెలనెలా డబ్బు పంపడం కంటే ఈ కాపలా పెద్ద సేవ, నేను మనస్ఫూర్తిగా అంటున్నా.

ఇక ఏజెన్సీకి ఫోన్ చేసినప్పుడు నెలకి ఎంత అని మొదలుపెట్టకండి. ఫోన్ ఆ పంపబోయే మనిషికే ఇవ్వమనండి. "అమ్మా, భోజనం సూది వేశావు, పెద్దావిడ రెండు ముద్దలు తిని చాలంది. ఏం చేస్తావ్?" అని అడగండి. పుస్తకంలో రాస్తానండీ అంటే వద్దు. "బతిమాలి పెరుగన్నమో అరటిపండో పెడతా, కాసేపాగి షుగర్ చూస్తా, మీకు ఫోన్ చేస్తా" అందనుకోండి, చదివింది పదో తరగతైనా సరే, ఆవిణ్ణి వదులుకోవద్దు. అడిగినంత జీతం ఇవ్వండి, ఆదివారం సెలవివ్వండి, ఆ ఆదివారం ఎవరు చూసుకుంటారో ఇవాళే తేల్చుకోండి.

మీ ఇంట్లో సూది ఎవరు వేస్తున్నారు, కంచం ఎవరు పెడుతున్నారు, రెండిటి మధ్య ఎన్ని నిమిషాలు పడుతోంది? మూడూ కింద రాయండి. నాతో ఒప్పుకోని నర్సులు ఉంటే వాళ్ళూ రాయండి, మీ మాట మీద వచ్చే వీడియో చేస్తా.