ఏ రీసెట్ గెలవాలి?

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాతి గంట నాకిచ్చారు. సిద్ధాంతంతో మొదలుపెడితే సగం మంది నిద్రపోతారు కాబట్టి ఒక బగ్‌తో మొదలుపెడతాను.

కొన్నేళ్ళ కిందట ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. క్లాసు అంటే ఒక రకం వస్తువు ఏం చేయగలదో రాసిపెట్టిన నమూనా, అందులోని ఒక్కో పని ఒక మెథడ్. ఇందులో 'బిల్' అనే క్లాసుకి 'డాక్యుమెంట్' తల్లి క్లాసు, అంటే దాని మెథడ్లు బిల్‌కి వారసత్వంగా వస్తాయి. దానికి తోడు రెండు మిక్సిన్లు, అంటే ఏ క్లాసుకైనా తగిలించుకోగల అదనపు మెథడ్ల మూటలు, తగిలించి ఉండేవి. ఒకటి 'ప్రింటబుల్', బిల్లుని ప్రింట్ చేస్తుంది. రెండోది 'ఆడిటబుల్', బిల్లులో ఎవరు ఏం మార్చారో రాసిపెట్టుకుని సేవ్ కొట్టినప్పుడు డేటాబేస్‌కి పంపిస్తుంది. రెండిట్లోనూ 'రీసెట్' అనే మెథడ్ ఉంది. ప్రింటబుల్‌లో రీసెట్ అంటే పేజీ నంబర్‌ని మళ్ళీ ఒకటికి తేవడం. ఆడిటబుల్‌లో రీసెట్ అంటే రాసిపెట్టుకున్న మార్పులన్నీ చెరిపేయడం. ఆ రెండోదాన్ని టెస్టుల కోసమే ఎవరో రాసుకున్నారు.

ఒకరోజు మాలో ఒకరు కోడ్ శుభ్రం చేస్తూ మిక్సిన్ల పేర్లని అక్షరక్రమంలో సర్దారు. అంతే, ఇంకేం మార్చలేదు. ముందు ఉన్న ప్రింటబుల్ వెనక్కి వెళ్ళింది, ఆడిటబుల్ ముందుకొచ్చింది. పైథాన్‌లో ఎడమవైపు ఉన్నదే గెలుస్తుంది. అప్పటినుంచి ప్రింట్ కొట్టినప్పుడల్లా పేజీ నంబర్ బదులు ఆడిట్ జాబితా చెరిగిపోవడం మొదలైంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి. మాకు మొదట వచ్చిన ఫిర్యాదు ఏమిటో తెలుసా? 'రెండోసారి ప్రింట్ కొడితే పేజీ నంబర్ మూడు నుంచి మొదలవుతోంది' అని. చిన్న విషయమే కదా, వచ్చే వారం చూద్దాం అని పక్కన పెట్టాం. ఆ వారంలో ఎన్ని మార్పుల చరిత్ర పోయిందో లెక్క తేలలేదు.

రెండు చోట్ల నుంచి ఒకే పేరుతో రెండు పనులు వచ్చి ఒక క్లాసులో పడ్డప్పుడు ఏది ఉండాలో ఎవరు తేల్చాలి? ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే, దానికి రోల్స్ అనే పద్ధతి ఇచ్చే జవాబు చుట్టూనే.

వారసత్వం అనే ఆలోచన 1967లో ఓస్లోలో పుట్టిన సిములా 67 భాషతో వచ్చింది. ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ దాని సృష్టికర్తలు. తల్లి ఒకరే అయితే గొడవ లేదు. కానీ కొన్ని గుణాలు వంశంలో రావు. మా తాతకి ఈత వచ్చు, నాకు రాదు. పక్కింటాయనకి వచ్చు, ఆయనకీ మా తాతకీ చుట్టరికం లేదు. 'ప్రింట్ అవడం' కూడా ఈత లాంటిదే. బిల్లుకీ కావాలి, జీతాల స్లిప్పుకీ కావాలి, ఆ రెండూ ఒక కుటుంబం కాదు. అలాంటివన్నీ తీసుకెళ్ళి అందరికీ పెద్దదైన తల్లి క్లాసులో పడేస్తాం. చివరికి ఆ క్లాసు పాత సామాన్లన్నీ కుక్కిన అటకలా తయారవుతుంది. మా డాక్యుమెంట్ క్లాసు అలాంటిదే. దాన్ని తెరవాలంటేనే టెన్షన్.

పోనీ ఇద్దరు తల్లుల్ని పెట్టుకుందామంటే డైమండ్ ప్రాబ్లం. మనవాళ్ళకి ఇది వివరించడం తేలిక: మేనరికం. నాన్న తన మేనమామ కూతుర్ని చేసుకుంటే ఒకే ముత్తాత నాన్న వైపు నుంచీ వస్తాడు, అమ్మ వైపు నుంచీ వస్తాడు. ఆ ముత్తాతని ఒకసారి లెక్కపెట్టాలా, రెండుసార్లా? ఆయన నుంచి వచ్చిన అలవాటుని నాన్న ఒకలా, అమ్మ ఇంకోలా మార్చుకుంటే పిల్లాడికి ఏది వస్తుంది? పైథాన్ 2.3 నుంచి దీనికి సీ3 అనే పద్ధతి వాడుతోంది. పూర్వీకులందరినీ ఒకే వరసలో నిలబెడుతుంది. వరసలో ముందున్న వాళ్ళ మాటే చెల్లుతుంది. చాలా తెలివైన పద్ధతే, కాదనను. కానీ మా రీసెట్‌ని మింగింది ఆ వరసే.

మిక్సిన్ అన్న పేరు ఐస్‌క్రీమ్ కొట్టు నుంచి వచ్చింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, సోమర్‌విల్‌లో స్టీవ్స్ అనే కొట్టు ఉండేది. ఐస్‌క్రీమ్‌లో జీడిపప్పులూ బిస్కెట్ ముక్కలూ కలిపి ఇచ్చేవారు, వాటిని మిక్సిన్లు అనేవారు. దగ్గర్లోనే ఉన్న ఎంఐటీలో లిస్ప్ యంత్రాల మీద, అంటే లిస్ప్ భాష కోసం కట్టిన కంప్యూటర్ల మీద, పనిచేసేవాళ్ళు తమ ఆబ్జెక్ట్ వ్యవస్థకి ఫ్లేవర్స్ అని పేరు పెట్టి, ఈ మాట కూడా పట్టుకొచ్చారు. అందులో అన్నిటికీ మూలమైన ఫ్లేవర్ పేరు వెనిల్లా! ఐస్‌క్రీమ్‌లో ముందు జీడిపప్పు వేసినా, బిస్కెట్ వేసినా రుచి ఒకటే. కోడ్‌లో మాత్రం ఏది ముందు వేశామన్నదాన్ని బట్టి రుచి మారిపోతుంది.

2003లో నతనాయెల్ షేర్లి, స్టెఫాన్ డ్యుకాస్, ఆస్కర్ నీర్‌స్ట్రాజ్, ఆండ్రూ బ్లాక్ అనే నలుగురు, ఇలా వరస మీద ఆధారపడకుండా మెథడ్లని క్లాసులో కలపడం ఎలాగో ఒక పేపర్ రాశారు. మొదటి ముగ్గురూ స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు. స్మాల్‌టాక్ అనే భాషలో చేసి చూపించారు. వాళ్ళు పెట్టిన పేరు ట్రెయిట్. పెర్ల్ అనే భాష వాళ్ళు దాన్నే రోల్ అన్నారు. పెర్ల్ 6 కోసం, అంటే 2019లో రాకు అని పేరు మారిన భాష కోసం, ఆలోచన మొదలై 2006లో మూస్ అనే లైబ్రరీ ద్వారా మామూలు పెర్ల్‌లోకి వచ్చేసింది. తెలుగులో ఏమందామని నేనూ ఆలోచించాను. పాత్ర అంటే గిన్నె గుర్తొస్తుంది, రోల్ అంటే రుబ్బురోలు. ఎలా చూసినా వంటింట్లోకే వెళ్తున్నాం కాబట్టి రోల్ అనే ఉంచేశాను.

రోల్ అంటే కొన్ని మెథడ్ల మూట. దాంతో నేరుగా ఆబ్జెక్ట్ తయారుచేయడం దాని ఉద్దేశం కాదు, క్లాసులో కలపడానికే అది ఉంది. తను ఏం ఇస్తుందో చెబుతుంది, తనకేం కావాలో కూడా చెబుతుంది. 'నన్ను కలుపుకునే క్లాసు పోల్చు అనే మెథడ్ ఒక్కటి రాసివ్వాలి, చిన్నదా, పెద్దదా, మధ్యలో ఉందా అన్నవి నేనిస్తాను' అంటుంది. రాసివ్వకపోతే కలపనివ్వదు. కలిపాక ఆ మెథడ్లు క్లాసులో చేత్తో రాసినట్టే ఉంటాయి. వరస ఉండదు. ఒకే రోల్ రెండు దారుల్లో వచ్చినా మెథడ్ ఒక్కటే కాబట్టి తగువు లేదు, మేనరికం బాధ పోయింది. రెండు వేరు వేరు రోల్స్ ఒకే పేరుతో రెండు మెథడ్లు తెస్తే మాత్రం భాష చేతులెత్తేస్తుంది. 'రీసెట్ రెండు చోట్ల ఉంది, ఏది కావాలో నువ్వే చెప్పు' అని ఎర్రర్ ఇస్తుంది.

నాకు నచ్చింది ఆ చేతులెత్తేయడమే. కోడ్ మళ్ళీ వాడుకోవచ్చని చాలామంది రోల్స్‌ని మెచ్చుకుంటారు. అది మిక్సిన్‌తోనూ జరుగుతుంది, కాపీ పేస్ట్‌తోనూ జరుగుతుంది. పీహెచ్‌పీ భాష 5.4 వెర్షన్‌లో, 2012లో, ట్రెయిట్లు వచ్చినప్పుడు కూడా ఇదే నియమం పెట్టారు, తేల్చకపోతే ఫేటల్ ఎర్రర్. 2014లో జావా 8 ఇంటర్‌ఫేస్‌లలో, అంటే క్లాసు ఏ మెథడ్లు ఇవ్వాలో చెప్పే జాబితాల్లో, డిఫాల్ట్ మెథడ్లు, అంటే ముందే రాసి ఇచ్చేవి, పెట్టింది. సంబంధం లేని రెండు ఇంటర్‌ఫేస్‌ల నుంచి ఒకే పేరుతో రెండు డిఫాల్ట్‌లు వస్తే, క్లాసు తేల్చకపోతే, అక్కడా కంపైల్ అవదు. రూబీ భాష మాత్రం చివర చేర్చిన మాడ్యూల్‌నే (అక్కడి మిక్సిన్) గెలిపిస్తుంది, నోరు మెదపదు.

అయితే తగువు బయటపడ్డంత మాత్రాన తీరిపోదు. మనం ఒక రీసెట్‌ని వద్దనవచ్చు, లేదా దానికి ఇంకో పేరు ఇవ్వవచ్చు. సరే, ఆడిటబుల్‌లో రీసెట్‌కి 'ఆడిట్ రీసెట్' అని పేరిచ్చి, అసలు పేరుని ప్రింటబుల్‌కి వదిలేశాం అనుకోండి. ఆడిటబుల్ లోపల ఇంకో మెథడ్ రీసెట్‌ని పిలుస్తుంటే? అది పాత పేరుతోనే పిలుస్తుంది. అక్కడ ఇప్పుడున్నది ప్రింటబుల్ వాళ్ళ రీసెట్! మారుపేరు బయటివాళ్ళకే, లోపలి కోడ్‌కి ఆ సంగతి తెలియదు. అందుకే నేను మారుపేర్లని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలా చూస్తాను, ఆ పూటకి సరిపోతుంది. అసలు మందు రోల్ లోపలే పేరు మార్చడం.

ఇంకో గుంట ఉంది. క్లాసులో స్వయంగా రాసిన మెథడ్ రోల్ తెచ్చినదాన్ని మౌనంగా తోసేస్తుంది. కావాలని రాస్తే మంచిదే. రోల్ కలిపిన సంగతి తెలియని కొత్తవాళ్ళు రెండేళ్ళ తర్వాత అదే పేరుతో రాస్తే? ఇక్కడ కూడా ఎర్రర్ ఇచ్చి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. మూస్‌లో దీనికి దగ్గరి చుట్టం ఇంకోటుంది: రోల్స్‌ని ఒకే 'విత్'లో (రోల్‌ని కలిపే ఆదేశం) కలిపితే తగువు పట్టుకుంటుంది. రెండు లైన్లలో విడివిడిగా కలిపితే మొదటిది అప్పటికే క్లాసులో చేరిపోయి ఉంటుంది కాబట్టి రెండోదాన్ని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. కాబట్టి పెర్ల్ రాసేవాళ్ళు అన్నీ ఒకే లైన్లో పెట్టండి.

మా పైథాన్ బిల్లు సంగతి చెప్పి దిగిపోతాను. పైథాన్‌లో రోల్స్ లేవు. కానీ 3.6 నుంచి కొత్త సబ్‌క్లాస్ పుట్టగానే తల్లి క్లాసుకి కబురు అందే ఏర్పాటు ఉంది, ఇనిట్ సబ్‌క్లాస్ అని. డాక్యుమెంట్ క్లాసులో దాని కింద పదిహేను లైన్లు రాశాం: రెండు మిక్సిన్లు ఒకే పేరు తెచ్చి, ఆ క్లాసు తన సొంత మెథడ్ రాసుకోకపోతే, అక్కడే ఆపెయ్. మొదటిసారి నడిపినప్పుడు రీసెట్ కాక ఇంకో మూడు పేర్లు పట్టుకుంది. రెండు ఎవరికీ హాని చేయనివి. మూడోది 'క్యాన్సిల్'. ఒకటి ప్రింట్‌ని ఆపుతుంది, ఇంకోటి బిల్లునే రద్దు చేస్తుంది. ఇన్నాళ్ళూ ఏది నడిచిందో చూడటానికి ఆ శనివారం అందరం ఆఫీసుకి వెళ్ళాం.