పాడేవాడు లేని వేలం: 1922 నాటి పెదనందిపాడు

(దృశ్యం: గుంటూరు నుంచి పర్చూరు వెళ్లే రోడ్డు. రెండు పక్కలా నల్లరేగడి చేలు.)

నమస్కారం. గుంటూరులో పర్చూరు బస్సెక్కితే దారిలో పెదనందిపాడు వస్తుంది. బస్సు కాసేపు ఆగుతుంది, మనం కిటికీలోంచి ఓసారి చూసి మళ్లీ ఫోన్లో పడిపోతాం. 1922లో, సహాయ నిరాకరణ ఉద్యమం రోజుల్లో, ఈ ఊరూ, చుట్టుపక్కల పల్లెలూ కలిసి బ్రిటిష్ సర్కారుకు శిస్తు కట్టేది లేదన్నాయి. అప్పట్లో ఇది బాపట్ల తాలూకాలో ఒక ఫిర్కా, అంటే కొన్ని ఊళ్లు కలిపిన రెవెన్యూ విభాగం. ముందుండి నడిపినవారు పర్వతనేని వీరయ్య చౌదరి.

కట్టకపోతే ఏమవుతుందో రైతుకు బాగా తెలుసు. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ఉంది. బకాయి పడితే ఇంట్లో సామాను, గొడ్డూ గోదా జప్తు చేసి వేలం వేస్తారు. చాలకపోతే పొలం కూడా పోతుంది. ఆ చట్టం నేటికీ మన రాష్ట్రంలో అమల్లోనే ఉంది.

(దృశ్యం: పాత రెవెన్యూ దస్త్రం, దారంతో కట్టిన కాగితాలు.)

ముందు కదిలింది మునసబులు, కరణాలు. ఒకరి తర్వాత ఒకరు రాజీనామాలిచ్చారు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. కరణీకం ఈ రోజుల ఉద్యోగంలాంటిది కాదు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే హక్కు. తాను వదులుకుంటే తన కొడుక్కీ ఉండదు. అయినా వదులుకున్నారు. శిస్తు ఎవరు ఎంత కట్టాలో చెప్పే లెక్కలు వాళ్ల చేతుల్లోనే ఉండేవి. వాళ్లు పక్కకు తప్పుకుంటే తహసీల్దారు వచ్చినా ఏ గడప ముందు నిలబడాలో తెలియదు.

సర్కారు ఊరుకోలేదు. అధికారులు దిగారు, పోలీసులు దిగారు, జనాన్ని బెదరగొట్టడానికి సైన్యాన్ని కూడా తిప్పారు. జప్తులు మొదలయ్యాయి.

ఒక ఇల్లు ఊహించుకోండి. కొట్టంలోంచి పాడి గేదెను విప్పుకొచ్చి రచ్చబండ దగ్గర కట్టేశారు. దండోరా వేశారు. దూడ ఇంటి దగ్గర అరుస్తోంది. గేదె అటే చూస్తోంది. అధికారి ధర చెప్పాడు. ఎవరూ పలకలేదు. తగ్గించాడు. మళ్లీ ఎవరూ పలకలేదు. సగానికి సగం ధరకు మంచి గేదె వస్తుందంటే ఆశపడని రైతు ఉంటాడా? కానీ పాటకు ఒక్కడూ రాలేదు. జప్తు చేసిన సొత్తును కొనేవాళ్లు దొరక్క సర్కారు తల పట్టుకుంది. నన్నడిగితే ఈ ఉద్యమం నిలబడింది ఇక్కడే. తన గేదె పోతున్నా ఓర్చుకోవడం ఒక ఎత్తు, పక్కింటివాడి గేదె చవగ్గా వస్తున్నా వద్దనుకోవడం ఇంకో ఎత్తు.

అధికారులకు ఊళ్లో పనిచేసేవాళ్లు కరువయ్యారు. వంటకు సరుకులివ్వరు, సామాను మోయరు, బట్టలు ఉతకరు. ఎవరూ తిట్టలేదు, చెయ్యెత్తలేదు. రోజు కూలితో బతికే మనిషి దొర ఇచ్చే డబ్బు వద్దంటే ఆ పూట పొయ్యి వెలగదు. చరిత్ర పుస్తకాల్లో నాయకుల పేర్లుంటాయి. ఈ మనుషుల పేర్లు కూడా ఉండాల్సింది. అది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

జనం కోపం కట్టలు తెంచుకోకుండా చూసుకోవడానికి శాంతి సేన పేరుతో వాలంటీర్లు ఉండేవారు. ఒక్క రాయి పడినా చాలు, తుపాకులు పేలడానికి సాకు దొరికేది. అది వాళ్లకు తెలుసు.

(దృశ్యం: ఖాళీ రచ్చబండ, సాయంత్రం వెలుగు.)

ఫిబ్రవరి వచ్చింది. పన్నుల నిరాకరణకు కావలసిన షరతులు పూర్తిగా కుదరలేదని గాంధీజీ అభిప్రాయం. అది గుంటూరులో కాంగ్రెస్ నాయకులు కొండా వెంకటప్పయ్య గారికి చేరింది. నాయకులు ఉద్యమం ఆపేశారు. ఆ నెల 4న ఉత్తరాదిన చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టారు, 12న బార్డోలీలో కాంగ్రెస్ ఉద్యమం ఆపాలని తీర్మానించింది. దేశమంతటా సహాయ నిరాకరణకు తెరపడింది.

గేదెను పోగొట్టుకున్నా నోరు మెదపని రైతు అప్పుడు కిస్తీ డబ్బు మూట కట్టుకుని వెళ్లి కట్టాల్సి వచ్చింది. వేలం రోజు కంటే ఆ రోజే అతనికి కష్టమైందని నాకనిపిస్తుంది.

మీది ఆ ప్రాంతమైతే, ఇంట్లో అటక మీద పాత ట్రంకుపెట్టె ఉంటే ఒకసారి దించి చూడండి. 1922 నాటి శిస్తు రసీదు దొరికితే, దాని మీద తారీఖు ఏముందో చూడండి.