సార్టెక్స్‌కు అందని లోహం

అందరికి నమస్తే. వెనక నిలబడ్డోళ్లు ముందుకొచ్చి కూసోండి, ముందల కుర్చీలు ఖాళీగనే ఉన్నయి, నేను ఎవర్నీ ప్రశ్నలడగ, భయపడకండి.

ఇయ్యాల మన ముచ్చట నియోడిమియం అనే లోహం గురించి. ఇది ఎట్ల మొదలైందో చెప్తా. మన మిర్యాలగూడలనే ఒక రైస్ మిల్లు తమ్ముడు ఫోన్ చేసిండు, సార్ వడ్లల్ల మేకులు పట్టనీకి పవర్‌ఫుల్ మాగ్నెట్ అని చెప్పి డబుల్ రేటుకు అంటగట్టిన్రు, నాలుగు నెలల్ల చచ్చిపోయింది, చిన్న మేకును గూడ పడ్తలేదు అని. పోయి చూస్తే ఏముంది, బాయిల్డ్ రైస్ లైన్ల, వేడి గాలి తగిలే జాగల పెట్టిండు. అది నియోడిమియం మాగ్నెట్. మామూలు గ్రేడ్‌ది 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటది, చల్లార్చినా మళ్ల రాదు. వడ్లు దించేకాడ పెట్టుకుంటే ఏండ్లకేండ్లు పనిచేసేది. అమ్మినోడు మోసం జెయ్యలే, చెప్పలే అంతే. చెప్పకపోవుడు గూడ సగం మోసమే అనుకోండి, అది వేరే సంగతి.

నియోడిమియం అంటే 60వ నంబరు మూలకం. అచ్చంగ అదొక్కటే తీసుకుంటే వెండి రంగుల ఉంటది, గాలి తగిలితే నల్లబడి పొడిపొడిగ రాల్తది, అందుకే నూనెల దాస్తరు. మన గదిల ఉండే వేడికి అది మాగ్నెట్ కానే కాదు! ఇనుము, బోరాన్ కలిపితేనే ఆ పట్టు వస్తది. రెండు పాళ్లు నియోడిమియం, 14 పాళ్లు ఇనుము, ఒక పాలు బోరాన్, పరమాణువుల లెక్కల. బరువుల చూస్తే కిలో మాగ్నెట్‌ల నియోడిమియం దగ్గర దగ్గర 300 గ్రాములే, మిగిలింది చానా వరకు ఇనుమే, అందుకే తుప్పు పడ్తది, పైన నికెల్ పూత పోస్తరు. పూత లేసిపోయిందంటే ఇగ మార్చుకోవాలె.

దీన్ని కనిపెట్టింది 1885ల, వియన్నాల, ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ అనే ఆయన. అంతకుముందు డిడిమియం అని ఒకటే లోహం అనుకునేటోళ్లు, ఈయన విడదీస్తే రెండు తేలినయి, ప్రసియోడిమియం ఒకటి, నియోడిమియం ఒకటి. నియోడిమియం అంటే గ్రీకుల కొత్త కవల అని అర్థం. కవలలు అన్న మాట యాదికి పెట్టుకోండి, అసలు కథంత ఆడనే ఉంది.

నియోడిమియం, దాని అసొంటి లోహాలను రేర్ ఎర్త్ అంటరు గద, రేర్ అంటే అరుదు, భూమిల తక్కువుంటది అనుకుంటం. కాదు. మట్టిల ఇది సీసం కంటే ఎక్కువే ఉంటది. లొల్లంత విడదీసుడుల. మన మిల్లుల బియ్యం ఏరే సార్టెక్స్ మిషన్ ఏంజేస్తది? రంగు చూసి నల్ల గింజను గాలితోని కొడ్తది. అదే బీపీటీ రకం బియ్యంల హెచ్‌ఎంటీ రకం కలిసిందనుకోండి, సార్టెక్స్ ఏం పట్టుకుంటది? రెండు తెల్లగనే, సన్నగనే ఉంటయి. ఈ రేర్ ఎర్త్ లోహాలు గూడ గంతే, కవలల లెక్క 10-15 అన్నదమ్ములు ఒకే రాయిల ఉంటయి, యాసిడ్‌ల ఏస్తే అన్నీ ఒక్కతీరుగనే కరుగుతయి. ఇసుమంత తేడా పట్టుకొని ద్రావణాలల్ల వందల సార్లు కడిగి కడిగి వేరు చెయ్యాలె. పైంగ మన దేశంల దొరికేది సముద్రపు ఇసుకలున్న మోనజైట్ అనే ఖనిజంల, అండ్ల థోరియం ఉంటది, రేడియేషన్ పంచాయితీ. మన నల్లగొండ జిల్లాల లంబాపూర్, పెద్దగట్టు కాడ యురేనియం అనంగనే ఊర్లు ఎట్ల లేచినయో మీకు నేను చెప్పాల్నా? అందుకే ఆ ఖనిజం అణుశక్తి శాఖ చేతుల ఉంటది. ఆ కష్టం, ఆ మురికి భరించి చైనా పట్టు తెచ్చుకుంది, 2025 ఏప్రిల్‌ల ఎగుమతులకు లైసెన్సులు పెడితే మన బండ్ల కంపెనీలు మాగ్నెట్ల కోసం తండ్లాడినయి. నవంబర్‌ల మన కేంద్రం 7,280 కోట్ల స్కీము పెట్టింది, ఏడాదికి 6,000 టన్నుల మాగ్నెట్లు ఈడనే చేద్దామని.

ఈ నియోడిమియం మాగ్నెట్ కథ గూడ లోహాల కొరతల నుంచే పుట్టింది. అంతకుముందు సమేరియం, కోబాల్ట్ అనే లోహాలతోని చేసిన మాగ్నెట్లు వాడేటోళ్లు, 1978ల ఆఫ్రికాల జైర్ దేశంల, అంటే ఇప్పటి కాంగోల, గొడవలైతే కోబాల్ట్ రేటు కొండెక్కింది. జపాన్‌ల మసాతో సగావా, అమెరికాల జాన్ క్రోట్, ఇద్దరు ఎవరి దారిల వాళ్లు ఇనుముతోని చేద్దామని పట్టుబట్టి 1980ల మొదట్ల సాధించిన్రు. ఇయ్యాల మీ ఎలక్ట్రిక్ స్కూటర్ చక్రంల, ఇయర్‌ఫోన్‌ల, ఫోను గర్ర్ మనే మోటర్‌ల అదే. పెద్దోళ్లకు శుక్లాల ఆపరేషన్ అయినంక కొన్నాళ్లకు పొర మసకబారితే లేజర్ కొడ్తరు చూడు, ఆ యాగ్ లేజర్‌ల గూడ నియోడిమియమే ఉంటది.

ఇంకో మాట, ఇది తల్లులకు. ఆటబొమ్మలల్ల చిన్న చిన్న గుండ్రటి మాగ్నెట్లు వస్తున్నయి. పిల్లగాడు ఒకటి మింగి తర్వాత ఇంకోటి మింగిండంటే పేగుల మడతల నడుమ రెండూ అతుక్కొని పేగుకు చిల్లు పడ్తది. ఆగొద్దు, ఎంటనే దవాఖానకు పోవాలె.

సరే, ఇగో అల్యూమినియం పైపు. దీంట్ల నుంచి మామూలు బోల్టు ఏస్తే టక్కున కింద పడ్తది, ఈ మాగ్నెట్ ఏస్తే బావిల బొక్కెన దిగినట్టు మెల్లగ దిగుతది, పైపుకు అతుక్కోదు గూడ. ఎందుకో చూసినంక చెప్తా. ఎవరన్న ఒకరు ముందుకు రాండి, చేతి గడియారం, ఏటీఎం కార్డు మాత్రం ఆడ బెంచీ మీద పెట్టి రాండి.