మొద్దు కత్తికి ఏం చప్పుడు పెట్టాలి?

శ్రోతలందరికీ నమస్కారం. నాలుగు నిమిషాల బొమ్మల సినిమాకి సంగీతం కట్టడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది, ఆ కథే చెబుతాను. ఎవరూ అడగలేదు, డబ్బులూ లేవు, సరదాకి మొదలుపెట్టిన పని.

సినిమా పేరు ‘నమకురా గతానా’, అంటే మొద్దు కత్తి. 1917లో జునిచి కోఉచి అనే కార్టూనిస్టు తీశాడు. జపాన్ సినిమా హాళ్ళలో ఆడిన యానిమేషన్ చిత్రాల్లో, ఇప్పటికి మిగిలినవాటిలో ఇదే పాతదంటారు. చాలాకాలం పోయిందనే అనుకున్నారు, 2007లో ఒసాకాలో పాత సామాన్లు అమ్మే సంతలో దీని ప్రింటు బయటపడింది. కథ చిన్నది. ఓ తెలివితక్కువ సమురాయ్ కత్తి కొంటాడు, అది తెగుతుందో లేదో చూద్దామని దారినపోయే వాళ్ళ మీదికి దూకుతాడు, వాళ్ళు తిరగబడి ఇతన్నే పడేస్తారు.

జపాన్ అనగానే నేనూ అందరూ చేసే పనే చేశాను. కీబోర్డులో కోటో వాయిద్యం సౌండు పెట్టుకుని వాళ్ళ మియాకో-బుషి అనే ఐదు స్వరాల వరస వాయించాను. మన లెక్కలో చెప్పాలంటే స, శుద్ధ రి, శుద్ధ మ, ప, శుద్ధ ద, అంటే ‘కర్ణాటక శుద్ధ సావేరి’ అనే రాగం స్వరాలే. వినడానికి ఎంత బాగుందో, సినిమాకి అంత అడ్డం పడింది. తెర మీద సమురాయ్ వెర్రి మొహం వేసుకుని కత్తి వంక చూస్తుంటే వెనక ఎవరో చనిపోయినట్టు ఏడుపు సంగీతం!

అసలు చిక్కు వేరే ఉంది. మనం మూకీ సినిమా అంటాం గానీ జపాన్‌లో అది మూగగా ఆడలేదు. తెర పక్కన బెన్షీ అనే కథకుడు నిలబడి అన్ని పాత్రల మాటలూ తనే చెప్పేవాడు, జనం ఒక్కోసారి నటుల కోసం కాకుండా బెన్షీ పేరు చూసి టికెట్ కొనేవారు. సంగీతం ఆయన గొంతు కింద ఉండేది. ఇప్పుడా గొంతు లేదు. దాని చోటు కూడా నేనే నింపెయ్యాలని కూర్చున్నాను, అక్కడే తప్పు చేశాను.

స్పీడు సంగతి ఇంకో తలనొప్పి. ఆ కాలం సినిమాలు ఎక్కువగా సెకనుకు 16, 18 ఫ్రేముల దగ్గర నడిచేవి, వాటిని 24లో ఆడిస్తే మనుషులు ఉరుకుతారు. నేను 16 లెక్కన, నిమిషానికి 96 దెబ్బల తాళం పెట్టుకున్నాను, అప్పుడు ఒక్కో దెబ్బకి సరిగ్గా 10 ఫ్రేములు. లెక్క కుదిరిందని సంబరపడి మొత్తం ఆ తాళంలోనే బిగించేశాను. ప్రతి అడుగుకీ దెబ్బ, ప్రతి కుదుపుకీ దెబ్బ. కవాతులా తయారైంది.

ఇంతలో సెలవులకని మా మేనల్లుడు వచ్చాడు, తొమ్మిదేళ్ళవాడు. కత్తి దూసే చోట నేను పెట్టిన ‘ఛింగ్’ శబ్దం విని, “మామయ్యా, కత్తి మొద్దుదన్నావు కదా, మరి ఇంత పదునుగా మోగుతోందేంటి?” అన్నాడు. రెండు నెలల నుంచీ నాకు తట్టని మాట! జోకంతా ఆ కత్తి తెగకపోవడంలోనే ఉంటే, నేనేమో చప్పుడుతో దానికి సాన పట్టాను.

వంటింట్లో ఇనప మూకుడు తీసి, దాని మీద తడిగుడ్డ పరిచి, చెక్క గరిటెతో కొట్టాం. ‘దబ్’ మని చచ్చిన శబ్దం. అదే ఉంచాను.

జపాన్ వాళ్ళ సంప్రదాయ కబుకి నాటకాల్లో ఓ పద్ధతి ఉంది, మంచు కురిసే రంగంలో పెద్ద ఢంకాని మెత్తటి కర్రతో నెమ్మదిగా కొడతారు. నిజానికి మంచుకి చప్పుడు ఉండదు కదా, అయినా ఆ ఢంకా వింటే మంచు పడుతున్నట్టే ఉంటుంది. అది గుర్తొచ్చాక రాసినదాంట్లో సగం పైన తీసేశాను. సమురాయ్ మీద పడబోయేవాళ్ళలో చూపులేని మర్దనకారుడు ఒకడు. పూర్వం ఎడో అనే నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, అలాంటివాళ్ళు రాత్రిళ్ళు చిన్న పిల్లనగ్రోవి ఊదుకుంటూ తాము వస్తున్నట్టు తెలియజేసేవారు. అతను వచ్చే ముందు రెండే స్వరాలు వేణువు మీద, మిగతా అంతా నిశ్శబ్దం. సమురాయ్ అడుగులక్కూడా ఏమీ పెట్టలేదు.

పూర్తయ్యాక మావాడికి వేసి చూపించాను. వేణువు మోగీ మోగగానే వాడు సోఫా మీద నిలబడి, “ఒరేయ్ ఒరేయ్, నన్నే కొడతావురా, రారా చూస్తా” అని ఆ మర్దనకారుడి తరఫున అరవడం మొదలుపెట్టాడు. నేను మెల్లిగా చెయ్యి చాపి వాల్యూం కాస్త తగ్గించాను.