దీపం ఆర్పి చూసే రక్తపరీక్ష

శ్రోతలకు నమస్కారం.

1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ఒక ప్రయోగం గురించి రాశారు. టైటానియం డయాక్సైడ్‌ను నీటిలో ఉంచి వెలుగు వేస్తే కరెంటు పుట్టింది, నీరు విడిపోయింది. గోడలకు వేసే తెల్ల రంగులో ఉండేది ఈ పదార్థమే. మన భీమిలి తీరపు ఇసుకలో దీని ముడిఖనిజం ఇల్మనైట్ ఉంది. అదే పదార్థంతో ఇవాళ రోగాన్ని పసిగట్టే పలకలు తయారు చేస్తున్నారు.

ఒక పలక కథ చెబుతాను, వినండి. కరెంటు పారే గాజు మీద టైటానియం డయాక్సైడ్ పూత పూస్తారు. ఆ పూత మీద యాంటీబాడీలను, అంటే ఒక్కో పదార్థాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లను, అతికిస్తారు. అవి ట్రోపోనిన్‌ను పట్టుకునే రకం. ట్రోపోనిన్ గుండె కండరంలో ఉండే ప్రోటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చేస్తుంది.

పలకను విటమిన్ సి కలిపిన ద్రావణంలో ముంచి వెలుగు వేస్తారు. వెలుగు తగలగానే పూతలోని ఎలక్ట్రాన్లు కదిలి వెళ్తాయి. అవి వదిలిన ఖాళీలను విటమిన్ సి నింపుతూ ఉంటుంది. కరెంటు సాగుతూ ఉంటుంది. ఆ కరెంటు ఎంతో రాసుకుంటారు. తర్వాత పలక మీద సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, చుక్క వేసి, కాసేపాగి కడిగి, మళ్లీ వెలుగు వేస్తారు. ట్రోపోనిన్ అంటుకుని ఉంటే విటమిన్ సి పూత దాకా చేరలేదు. కరెంటు పడిపోతుంది. ఎంత పడిపోయిందో చూసి ట్రోపోనిన్ ఎంత ఉందో లెక్కకడతారు.

ఇందులో నాకు బాగా నచ్చింది దీపం ఆర్పడం. వెలుగు వేసి కొలుస్తారు, ఆర్పి కొలుస్తారు. నూనె పోయించుకునే ముందు ఖాళీ గిన్నెను తూచినట్టే ఇది. చీకట్లోనూ కనిపించే కరెంటు వెలుగు వల్ల వచ్చింది కాదు కాబట్టి దాన్ని తీసేస్తారు. లోపలికి వెళ్లేది వెలుగు, బయటికి వచ్చేది కరెంటు. రెండూ వేరు కాబట్టే చాలా చిన్న మార్పు కూడా తెలుస్తుంది.

చిక్కులూ ఉన్నాయి. టైటానియం డయాక్సైడ్‌కు అతినీలలోహిత కాంతి కావాలి, అది యాంటీబాడీలను పాడు చేయగలదు. మామూలు వెలుగుకే పనిచేయాలని కాడ్మియం సల్ఫైడ్ కలుపుతారు, కానీ కాడ్మియం విషం. కాడ్మియం లేని దారి దొరకాలని నా కోరిక. రక్తంలోని ఇతర ప్రోటీన్లు కూడా పలకకు అంటుకుని లెక్క తప్పిస్తాయి. అందుకే ఈ పలకలు ఎక్కువగా ఇంకా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి.

ఇవాళ ఆసుపత్రిలో చేసే ట్రోపోనిన్ పరీక్ష వేరే పద్ధతిది, అదీ మంచిదే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. గుండెపోటు మొదలైన వెంటనే రక్తం తీస్తే ట్రోపోనిన్ ఇంకా పెరిగి ఉండకపోవచ్చు. అందుకే డాక్టరు కొన్ని గంటలాగి మళ్లీ రక్తం తీస్తామంటారు. మొదటి రిపోర్టు బాగుందని ఇంటికి వచ్చేయకండి. రెండో రక్తం కూడా ఇచ్చి, డాక్టరు సరేనన్నాకే కదలండి. ఛాతీలో నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.