ఎస్ఎస్ పిల్లలు, జీన్ థెరపీ, మనింట్ల ఉన్న క్యాప్సూల్: సిరొంచ సభల మాట్లాడింది

అందరికి నమస్కారం. మహారాష్ట్రల మన సిరొంచ, అంకీసా, ఆసరల్లి దిక్కు నుంచి పిల్లల్ని ఎత్తుకొని వచ్చిన అక్కలకు, అన్నలకు, మా ఆశా తాయిలకు, నది అవతల నుంచి వచ్చిన చుట్టాలకు అందరికి. నేను డాక్టర్‌ని కాదు, ల్యాబ్‌ల రక్తం చూసేటోణ్ణి, ఈ తాలూకాల ఎవలింట్ల ఏఎస్ (సికిల్ సెల్ జీన్ ఒక్కటే ఉన్నోళ్ళు), ఎవలింట్ల ఎస్ఎస్ (ఆ జీన్ రెండు ఉండి సికిల్ సెల్ రోగం వచ్చినోళ్ళు) అనేది రిపోర్ట్ కాయితం మీద ముందుగాల కనపడేది నాకే.

సూటిగ మాటకొస్త. ఈ నడుమ ఫోన్లల్ల ఒక వార్త తిరుగుతున్నది, సికిల్ సెల్‌కు ఒక్క సూది వచ్చిందట, ఏసుకుంటె రోగం పోతదట అని. ఎక్కడికి పోయినా ఇదే అడుగుతున్నరు. వార్త అబద్ధం కాదు, కాకపోతే సగమే మన దాక వచ్చింది, మిగిలిన సగం చెప్పకపోతే పిల్లలకే నష్టం అని ఇయ్యాల నిలబడ్డ.

రోగం గురించి మీకు నేను చెప్పేది తక్కువ. చలికాలం రాత్రి కాళ్ళు చేతులు పట్టుకొని ఏడ్చుడు, చంటిపిల్లకు వేళ్ళు ఉబ్బి పిడికిలి ముయ్యరాకపోవుడు, ఇవన్నీ చూసినోళ్ళే మీరు. రక్తంల ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్, దాన్ని తయారు చేసే జీన్‌ల, అంటె అమ్మానాన్నల నుంచి వచ్చే రాతల, ఒక్క అక్షరం తప్పు పడ్డది, 'ఏ' అక్షరం ఉండాల్సిన కాడ 'టీ' వచ్చింది, గంతే. దాంతోని ఆక్సిజన్ తగ్గంగనే లోపల హిమోగ్లోబిన్ గట్టిగ పోగులు కట్టి, మెత్తగ గుండ్రంగ ఉండాల్సిన ఎర్రకణం వంగిపోయి సన్న నరాలల్ల ఇరుక్కుంటది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితె ఇది 10 నుంచి 20 రోజులల్లనే పగిలిపోతది. అందుకే రక్తం ఎప్పుడూ తక్కువ, అందుకే కండ్లు పచ్చగ. ఆ పచ్చదనం చూసి కామెర్లని పసరు తాగిస్తున్నరు ఇంకా, దయచేసి ఆపుండ్రి, రక్తం పగులుడు పసరుతోని ఆగదు.

ఇగ అసలు సంగతి. ఎస్ఎస్ బిడ్డ పుట్టినప్పుడు బాగనే ఉంటది, గమనించిండ్రా? ఐదారు నెలల దాక పాలు తాగుతది, నవ్వుతది, ఏ బాధ ఉండది, ఆ తర్వాతనే మొదలైతది. 1948ల న్యూయార్క్‌ల జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరమ్మ ఇదే చూసి ఆలోచన చేసింది. కడుపుల ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటది, ఫీటల్ హిమోగ్లోబిన్ అంటరు, అది వేరే జీన్ నుంచి వస్తది కాబట్టి దాంట్ల ఈ తప్పు ఉండదు. పుట్టినంక అది మెల్లగ బందై పెద్దోళ్ళ హిమోగ్లోబిన్ అందుకుంటది, సికిల్ అప్పుడు బయటపడ్తది. అంటె మన పిల్లల ఒంట్లనే మంచి హిమోగ్లోబిన్ తయారు చేసే జీన్ ఉన్నది, పడుకొని ఉన్నది. దాన్ని లేపితె చాలు. అరవై ఏండ్లకు, 2008ల, దాన్ని బంద్ పెట్టే జీన్ ఏదన్నది దొరికింది, పేరు బీసీఎల్11ఏ, అమెరికాల స్టువర్ట్ ఆర్కిన్ అనే సైంటిస్ట్ ల్యాబ్‌ల విజయ్ శంకరన్ అనే మనోళ్ళ మూలాలున్న పిల్లగాడు, అతని తోటోళ్ళు పట్టుకున్నరు. అటు జీన్‌ను కావాల్సిన కాడ కత్తిరించే క్రిస్పర్ పద్ధతి వచ్చింది, దానికి 2020ల ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అని ఇద్దరు ఆడోళ్ళకు నోబెల్ ఇచ్చిండ్రు. ఈ రెండు కలిస్తె వచ్చిందే ఇప్పటి జీన్ థెరపీ మందు, క్యాస్‌జెవీ, ఫోన్లల్ల తిరుగుతున్న సూది ఇదే.

2019ల అమెరికాల మిసిసిపీ నుంచి విక్టోరియా గ్రే అనే నలుగురు పిల్లల తల్లి దీన్ని తీసుకున్నది. తర్వాత ట్రయల్‌ల లెక్కకు వచ్చిన 31 మందిల 29 మందికి కనీసం ఏడాది పాటు పెద్ద నొప్పి రాలేదు. 2023 నవంబర్‌ల బ్రిటన్, డిసెంబర్ 8న అమెరికా పర్మిషన్ ఇచ్చినయి. నిజం చెప్పాలంటె ఆ లెక్క చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, మన దవాఖాన వరండల మూలుగుతున్న పిల్లలే కండ్ల ముందల తిరిగిండ్రు.

కాని ఒక్క సూది అనుకోకుండ్రి. ముందుగాల మందు ఇచ్చి ఎముకల మజ్జల ఉన్న మూలకణాలను, అంటె రక్తకణాలను పుట్టించేటియి, రక్తంలకు తెస్తరు, మిషన్ పెట్టి గంటల కొద్ది వాటిని తీస్తరు, ఒక్కసారికి సాలకపోతె మళ్ళ. అవి ల్యాబ్‌కు పోయి, అక్కడ జీన్ కత్తిరించి, టెస్టులై వచ్చేటాళ్ళకు నెలలు పడ్తది. అప్పుడు బుసల్ఫాన్ అనే గట్టి కీమో ఇచ్చి పాత మజ్జను ఖాళీ చేస్తరు, జుట్టు ఊడుతది, నోట్లె పుండ్లు అయితయి, తర్వాత పిల్లలు పుట్టకపోయే ప్రమాదం కూడ ఉన్నది. అప్పుడు దిద్దిన కణాలు ఎక్కించి, అవి పట్టుకునే దాక వారాల కొద్ది దవాఖానల పెడ్తరు. 2023ల అమెరికాల పర్మిషన్ 12 ఏండ్లు, ఆ పైనోళ్ళకే ఇచ్చిండ్రు. ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కల 18 కోట్ల పైన. మనం తాలూకా మొత్తం అమ్ముకున్నా ఎంత మందికి అయితది?

ఇంకో సంగతి, మంచి సంగతి. ఢిల్లీల సీఎస్ఐఆర్ ఐజీఐబీ అనే మన సర్కారు సంస్థ తక్కువ ఖర్చుల క్రిస్పర్ మందు తయారు చేస్తున్నది, 2025 నవంబర్‌ల బిర్సా 101 అని పేరు ప్రకటించిండ్రు, బిర్సా ముండా పేరు మీద. తయారు చేసే బాధ్యత పూణేల సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చిండ్రు. దుకాణంల దొరికేది కాదు అది, మనుషుల మీద పరీక్షలు కావాలె. కాబట్టి ఎవలన్న వచ్చి రిజిస్ట్రేషన్ చేపిస్త, ఇన్ని వేలు కట్టుండ్రి అంటె నమ్మకుండ్రి, భూమి గిట్ల అమ్మకుండ్రి, నా దగ్గరికన్న రాండ్రి లేకపోతె ఆశా తాయిని అడుగుండ్రి.

ఇగ నేను ముఖ్యంగ చెప్పాల్సింది ఇదీ. మొన్న ఒక తల్లి కొడుకును తీసుకొని వచ్చింది, పిల్లగాని హిమోగ్లోబిన్ బాగ పడిపోయింది. గోళీ ఇస్తున్నవా బిడ్డా అంటె సంచిల నుంచి హైడ్రాక్సీయూరియా పత్తా తీసింది, సికిల్ పిల్లలకు మన దవాఖానల ఇచ్చే క్యాప్సూల్ అది, రెండే క్యాప్సూళ్ళ బుడగలు పగిలి ఉన్నయి, మిగితయి అట్లనే. "సూది వస్తుందట గదన్నా, ఇవి క్యాన్సర్ గోళీలట, ఎందుకు పిల్లగాని పానం తీసుడు అని ఆపిన" అన్నది. ఆమెను ఏమనను? ఎవలు చెప్పిండ్రు ఆమెకు సరిగ? ఆ మందు కొన్ని క్యాన్సర్లకు వాడేది నిజమే. కాని సికిల్ పిల్లల్ల అది ఏం చేస్తదో తెలుసా, ఆ పడుకున్న ఫీటల్ హిమోగ్లోబిన్‌ను పెంచుతది. 18 కోట్ల మందు ఏ పని కోసం పుట్టిందో, ఈ క్యాప్సూల్ ఆ పనే కొంత వరకు, రోజుకింత, చేస్తది. అందరిల ఒక్క తీరు పని చెయ్యదు, సరే. కాని చానా మందిల నొప్పులు తగ్గుతయి, రక్తం ఎక్కించుడు తగ్గుతది. రక్త పరీక్ష మధ్యమధ్యల చేపించుకుంట, డాక్టర్ చెప్పిన లెక్కనే ఇయ్యాలె, పెండ్లై పిల్లలు కావాలనుకునేటోళ్ళు డాక్టర్‌కు ముందే చెప్పాలె. ఇంకోటి, జీన్ థెరపీల ఆ కీమో తట్టుకోవాలంటె కిడ్నీలు, లివర్, గుండె, ఊపిరితిత్తులు మంచిగ ఉండాలె, రోగం వాటిని ఏండ్ల కొద్ది తింటున్నది. ఇయ్యాల క్యాప్సూల్ ఆపిన పిల్లగాడు, రేపు బిర్సా మందు మన దాక వచ్చిననాడు దానికి పనికి రాకుంట పోతడు, గదే నా భయం.

జ్వరం, ఛాతీల నొప్పి, ఊపిరి ఆడకపోవుడు, ఒక దిక్కు చెయ్యి కాలు పడిపోవుడు, వీటికి రాత్రి అని, బస్సు లేదని ఆగకుండ్రి. నీళ్ళు బాగ తాపుండ్రి. సికిల్ సెల్ 2016 దివ్యాంగుల చట్టంల ఉన్నది, సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోండ్రి.

పెండ్లీల సంగతి కూడ చెప్పాలె, కొంతమందికి కోపమొస్తది, అయినా. జీన్ థెరపీ రక్తాన్నే మారుస్తది, వీర్యంల, అండంల ఉన్న జీన్ మారది. మందు తీసుకొని బాగైన ఎస్ఎస్ మనిషి కూడ తన పిల్లలకు ఆ జీన్ ఇస్తడు. ఏఎస్, ఏఎస్ చేసుకుంటె ప్రతి కాన్పుకు నాలుగింట్ల ఒక వంతు ఎస్ఎస్ బిడ్డ పుట్టే అవకాశం. ఏఎస్ ఉన్నోళ్ళు రోగులు కాదు, వాళ్ళకు సంబంధాలు వెనక్కి తిప్పకుండ్రి, ఇద్దరి సికిల్ పరీక్ష కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకొని మాట్లాడుకోండ్రి.

ఇగ ఈ క్యాప్సూళ్ళు కొన్నిసార్లు స్టాక్ లేదని ఉత్త చేతులతోని పంపుతున్నరు, ఇది నాకు చానా బాధ. తాలూకా ఆరోగ్య అధికారికి, అటు గడ్చిరోలికి దరఖాస్తు మరాఠీల రాసి పెట్టిన, ఏ ఊర్ల ఎంత మంది ఎస్ఎస్ ఉన్నరో, ఎన్నొద్దుల నుంచి మందు అందుతలేదో పక్కన రాయడానికి జాగా ఉన్నది. టేబుల్ మీద ఉన్నది, రాయొచ్చినోళ్ళు రాయరానోళ్ళకు రాసి పెట్టుండ్రి, రాసిన కాయితాలు ఆశా తాయిలకు ఇయ్యుండ్రి, సోమవారం తీసుకొని పోత.