‘ఎవరు చేయించారు?’ అన్న ప్రశ్న మానేద్దాం

(ఒంగోలులో స్త్రీల సమాజాల నాయకురాళ్లు, సంఘపెద్దల సదస్సులో ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘపెద్దలకు, ఊళ్ల నుంచి పొద్దున్నే బస్సులు పట్టుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు ప్రభువు నామంలో వందనాలు.

మంత్రతంత్రాల గురించి మాట్లాడమన్నారు. ఈ అంశం రాగానే అందరం ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం తెరుస్తాం. సోదెగాడు, చిల్లంగివాడు, మాంత్రికుడు, కర్ణపిశాచి నడిగేవాడు, ఇట్టా వరసగా చదివి, ఇవన్నీ దేవునికి హేయం అని చెప్పి, ఆమెన్ అనిపించి పంపించేస్తాం. వాక్యం స్పష్టంగానే ఉంది, నాకు దాంతో పేచీ లేదు. కానీ ఆ వాక్యం తెలియకపోవడం వల్ల ఎవరూ తాయెత్తు కట్టించుకోవడం లేదు. ఆదివారం ముందు వరసలో కూర్చుని పాట ఎత్తుకునే మనిషికి కూడా జాకెట్టు లోపల రక్షరేకు ఉంటుంది. నేను నర్సును. బీపీ చూడాలి, చెయ్యి పైకి జరుపమ్మా అంటే నాకు కనబడినన్ని తాయెత్తులు పాస్టరయ్యగార్లకు కనబడవు.

ఎందుకు పోతారు? బిడ్డకు మూర్ఛలొస్తున్నాయి. పెళ్లై ఏళ్లయినా కడుపు పండలేదు. బోరు వేస్తే నీళ్లు పడలేదు, పొగాకు ధర పడిపోయింది, బంగారం పోయింది, భర్త ఇంటికి రావడం లేదు. ఎవరూ సరదాకు పోరు. పోయినచోట వాళ్లకు రెండు దొరుకుతాయి. ఒకటి, తీరిగ్గా వినే మనిషి. మన సర్కారు ఆసుపత్రి ఓపీలో మేము ఒక్కో మనిషికి ఎంతసేపు ఇవ్వగలమో మీకు తెలియంది కాదు. రెండోది, ఒక పేరు. ‘మీకు ఫలానా వాళ్లు చేయించారు.’ నేను ఈ రోజు చెప్పదలుచుకుంది ఈ రెండోదాని గురించే. తాయెత్తు కన్నా, నిమ్మకాయ కన్నా, అమావాస్య ముగ్గు కన్నా ప్రమాదమైంది ఈ పేరు చెప్పడం.

పొదిలి వైపు ఒక ఊళ్లో నేను దగ్గరుండి చూసింది చెబుతాను. తొలికాన్పు అయిన పిల్ల. పదో రోజు నుంచి నిద్రలేదు. రాత్రంతా మంచం మీద కూర్చుని గోడతో మాట్లాడుతుంది, అన్నంలో ఏదో కలిపారంటుంది, బిడ్డను దగ్గరికి తీసుకోదు. గాలి సోకిందన్నారు. భూతవైద్యుణ్ణి పిలిపించారు. ఆయన నిమ్మకాయ కోశాడు, ఎర్రగా కారింది. ‘రక్తసంబంధమే. ఆడమనిషి. తూర్పు దిక్కు ఇల్లు’ అన్నాడు. ఆ ఇంటికి తూర్పున ఉండేది తోడికోడలు. అంతకు నెల ముందు పొలం గట్టు దగ్గర రెండిళ్లకూ గొడవైన సంగతి ఊరందరికీ తెలుసు, ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఆ పిల్లకు వచ్చింది కాన్పు తర్వాత కొందరికి వచ్చే మానసిక జబ్బు. మొదటి రెండు వారాల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. అది అత్యవసరం, ఒక్క రోజు కూడా ఆగకూడదు, తల్లీబిడ్డా ఇద్దరి ప్రాణానికీ ముప్పు. చివరికి ఆసుపత్రికి తెచ్చారు, మందులు పడ్డాయి, కొన్ని వారాల్లో తేరుకుంది. ఇప్పుడు ఆ బిడ్డ బడికి పోతున్నాడు. రెండిళ్ల మధ్య అప్పుడు కట్టిన గోడ మాత్రం అట్టానే ఉంది. మాటవరసకు అనడం లేదు, నిజంగా ఇటుకల గోడే, పైన సీసాపెంకులు గుచ్చారు.

నిమ్మకాయ సంగతి కూడా చెప్పాలి. మందారపువ్వును కత్తికి రుద్ది ఆరబెడతారు. నిమ్మపులుసు తగలగానే ఎర్రబడుతుంది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడడం మన వంటింట్లో అందరం చూసిందే. కొబ్బరికాయ పీచులో సోడియం ముక్క పెట్టి నీళ్లు చల్లితే మంట లేస్తుంది. సైన్సు ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక వాళ్లు బడుల్లో ఇవన్నీ చేసి చూపించేవాళ్లు. వాళ్లు దేవుణ్ణి నమ్మరు కదా, మనకెందుకు అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. మోసం బయటపెట్టడానికి నమ్మకం ఒకటే అయ్యుండాల్నా అయ్యా? మన సండేస్కూల్లో కూడా చేసి చూపిద్దాం. పిల్లలకు బాగా నచ్చుద్ది కూడా.

‘ఎవరు’ అన్న ప్రశ్న ఎంత దారి తప్పిస్తుందో చెప్పడానికి మన మట్టిలోనే ఒక ఉదాహరణ ఉంది. పొదిలి, దర్శి, కనిగిరి వైపు నడుము వంగి, కీళ్లు బిగుసుకుపోయి, పళ్లు గోధుమరంగు తిరిగినవాళ్లను చూశారు కదా. ఆ తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1937లో మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట పరిశోధించి ప్రకటించింది ఆ జిల్లా జనాన్ని చూసే. జబ్బు బావినీళ్లలో ఉంది. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్లకు ముప్పు మొదలవుతుంది, అంతకు బాగా మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు అట్టా అవుతాయి. మనిషి మీద నెపం పెట్టుకుని కూర్చుంటే నీళ్లు పరీక్ష చేయించాలని ఎవరికి తోస్తుంది? శిష్యులు కూడా పుట్టుగుడ్డివాణ్ణి చూసి ‘ఎవడు పాపము చేసెను, వీడా, వీని కన్నవారా’ అనే అడిగారు. యోహాను 9. ప్రభువు ఆ ప్రశ్నకు పేరు చెప్పలేదు. వీడు కాదు, వీని కన్నవారూ కాదు అన్నాడు. ఉమ్మితో బురద చేసి కళ్లకు పూశాడు, కోనేటికి పంపాడు.

ఇక అయ్యగార్లకు కొంచెం కోపం వచ్చే మాట. ఈ పేరు చెప్పడం మన కూటాల్లోకి కూడా వచ్చేసింది. ఉపవాస ప్రార్థనలో కళ్లు మూసుకుని ‘మీ ఇంటిమీద ప్రయోగం జరిగింది సిస్టర్, దగ్గరివాళ్లే’ అని చెప్పే సేవకులున్నారు. దగ్గరివాళ్లు ఎవరికి ఉండరు? దాని వెనకే నూనె సీసా, ప్రార్థించిన ఉప్పు, నాలుగు మూలలా చల్లుకోమని నీళ్లు, తలకింద పెట్టుకోమని చేతిరుమాలు. భూతవైద్యుడి దగ్గర తాయెత్తు, మన దగ్గర సీసా. అంగడి మారింది గానీ సరుకు మారలేదు. యాకోబు 5వ అధ్యాయంలో పెద్దలు నూనె రాసి ప్రార్థన చేయాలని ఉంది, నిజమే. అక్కడ పెద్దలు రోగి ఇంటికి వస్తారు, ప్రార్థన చేస్తారు. సీసా అమ్మరు. మోషే దేవుడు చెబితేనే ఇత్తడి సర్పం చేశాడు, దాన్ని చూసినవాళ్లు బతికారు. తర్వాత జనం దానికే ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు పగలగొట్టించాడు. దేవుడిచ్చిన వస్తువుకే ఆ గతి పట్టినప్పుడు మన ప్రింటింగ్ ప్రెస్సులో లేబుల్ వేయించిన సీసా ఎంత?

దయ్యాలు లేవని నేననను. నేను విశ్వాసిని. అయితే మత్తయి 4:24 చూడండి. వ్యాధిగ్రస్తులు, దయ్యము పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు అని విడివిడిగా రాశాడు. చాంద్రరోగులంటే మూర్ఛలొచ్చేవాళ్లు. ఆ కాలంలోనే వేరుచేసి రాసినదాన్ని మనం కలిపేస్తున్నాం. మూర్ఛ మాత్రలు ఏళ్ల తరబడి, పూట తప్పకుండా వేసుకోవాలి. కూటంలో స్వస్థత ప్రకటించి, ‘విశ్వాసం ఉంటే మాత్రలు పారెయ్’ అంటే, ఉన్నట్టుండి ఆపినందుకు మూర్ఛ మీద మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. మాత్ర మానిపించే అధికారం స్టేజీ మీద ఎవరికీ లేదు. పాము కరిచినా అంతే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే ఇంజక్షన్ ఒకటుంది. మంత్రం పెట్టించి వస్తామని, ప్రార్థన చేయించి వస్తామని గంట పోగొడితే ఆ గంట తిరిగి రాదు. 108కి ఫోన్ చేయండి, దారిలో ప్రార్థన చేయండి.

ఇంకో సంగతి, కట్టేయడం. తమిళనాడులో రామనాథపురం జిల్లా ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు కదలలేక 28 మంది చనిపోయారు. అక్కడికి వాళ్లను తెచ్చింది శత్రువులు కాదు, నయమవుతుందని ఆశపడిన ఇంటివాళ్లే. అది దర్గా ఊరు కదా అని మనం తప్పించుకోవద్దు. ప్రార్థనా మందిరాల వెనక షెడ్లలో కాలికి గొలుసు నేనూ చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రోగినీ, ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదంటుంది. మీ సంఘంలో అట్టాంటిది ఉంటే ఇక్కడి నుంచి పోయిన రోజే విప్పించండి.

సరే, బయటికి రావాలనుకునే మనిషికి మనం ఏం చేయాలి? మొదట, తాయెత్తు మీద చెయ్యి వేయొద్దు. యువకులు వీరావేశంతో కత్తెర తీసుకుని పోతారు. అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసువాళ్లు మాంత్రిక పుస్తకాలు కాల్చారు, వాటి వెల యాభై వేల వెండి రూకలు. పౌలు వాళ్ల ఇళ్లు సోదా చేసి తేలేదు. ఎవరివి వాళ్లు తెచ్చుకుని, వాళ్లే కాల్చారు. భయం పోకముందు మనం తెంపితే, ఆ రాత్రి బిడ్డకు జ్వరమొస్తే ఇంకో రెండు కట్టించుకుంటుంది. పైగా మీకు చెప్పదు.

ఆ భయాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచేది ఒక మాట: ‘మధ్యలో ఆపితే రెండింతలు తిరగబడుద్ది.’ ప్రతి మంత్రగాడూ చెప్పే మాట ఇది. కొంత డబ్బు ఇచ్చి, మిగతాది బాకీ పెట్టి, చెవికమ్మలు కుదువ పెట్టి ఉంటారు. అందుకని డబ్బు సంగతి సిగ్గుపడకుండా అడగండి. బెదిరిస్తుంటే పోలీసు స్టేషనుకు తోడు పోండి. మంత్రం కోసం ప్రత్యేక చట్టం మన రాష్ట్రంలో లేకపోయినా మోసానికీ, బెదిరింపుకూ భారతీయ న్యాయ సంహితలో సెక్షన్లున్నాయి. మంత్రశక్తితో జబ్బు నయం చేస్తామని ప్రకటనలు వేస్తే 1954 నుంచే దానికి చట్టం ఉంది. ఫోన్లలో వశీకరణం ప్రకటనలకు చదువుకున్న పిల్లలు కూడా డబ్బు పంపుతున్నారు, ప్రేమ వ్యవహారాల్లో. వాళ్లు ఇంట్లో చెప్పుకోలేరు. వాళ్లు చెప్పుకోగలిగిన ఒక్క అక్క అయినా సంఘంలో ఉండాలి.

మానేసిన తర్వాత వచ్చే మొదటి అమావాస్య చాలా కష్టం. ఆ రాత్రి ఇద్దరు ఆడవాళ్లు వాళ్లింట్లో పడుకోండి. గట్టిగా కేకలు పెట్టి దయ్యాన్ని గద్దించే ప్రార్థన అక్కర్లేదు, అది భయాన్ని ఇంకా పెంచుద్ది. కలిసి అన్నం తినండి, ఒక కీర్తన చదువుకోండి, పడుకోండి. తెల్లారుద్ది. ఏమీ కాలేదని ఆమె కళ్లతో ఆమే చూస్తుంది. పేరు చెప్పిన తోడికోడలో, ఆ వీధి చివర ఒంటరి ముసలమ్మో ఉంటారు కదా, మర్నాడు వాళ్లింటికి కూడా పోండి. అనుమానం పడేది ఎప్పుడూ దిక్కులేనివాళ్ల మీదే. విధవరాలు, పిల్లల్లేని మనిషి, వాడ చివర పేద ముసలాయన. చెట్టుకు కట్టేసి కొట్టడాలు, మంత్రం పలకకుండా పళ్లు రాలగొట్టడాలు మన తెలుగునేల మీద జరిగినవే. వాళ్ల గుమ్మంలో కూర్చుని కాఫీ తాగండి, ఊరు చూడాల.

అట్టాగే, పొరుగింటివాళ్ల పూజను చేతబడి అనకండి. గుడికి పోయే మనిషి వేరు, రొట్టెల పండక్కి నెల్లూరు పోయే మనిషి వేరు, భయం అమ్ముకునేవాడు వేరు.

భయం అమ్ముకుని బతికినవాడు మానేస్తానని వస్తే? అది ఇంకా కష్టం. ఫిలిప్పీలో సోదె చెప్పే చిన్నది బాగుపడగానే యజమానులకు రాబడి పోయి, పౌలు సీలలను కొట్టించారు. రాబడి పోవడమనేది అసలు సమస్య. విభూతి పెట్టి బతికినవాడికి ఊళ్లో ఎవరు కూలి ఇస్తారు? జీవాలు కాసే పనో, ఒక గేదె కొనిపెట్టడమో, సంఘం చేయాల. మనం చేసేదేందంటే, ఆర్నెల్లు తిరక్కుండానే ‘మాజీ మాంత్రికుని సంచలన సాక్ష్యం’ అని ఫ్లెక్సీ వేస్తాం. ప్రతి కూటంలో పాత కథలే చెప్పిస్తాం, జనం నోరు తెరుచుకుని వింటారు. పాత పలుకుబడిని మైకు పెట్టి తిరిగి ఇస్తున్నాం. సమరయలో గారడీ చేసి బతికిన సీమోను బాప్తిస్మం తీసుకున్నాక కూడా అపొస్తలుల శక్తిని డబ్బిచ్చి కొనుక్కోవాలనే చూశాడు. మానేసి వచ్చినవాణ్ణి వెనక బెంచీలో కూర్చోనివ్వండి, కొన్నేళ్లు.

ఆఖరుగా ఒకటి. భయంలో ఉన్న మనిషి దగ్గర మాట తీసుకోవద్దు. ‘బాప్తిస్మం తీసుకుంటే ఇది పోద్ది’ అని బేరం పెట్టొద్దు. ఈ ఊరి చరిత్రే మనకు నేర్పింది. 1876 నుంచి కరువు. ఇక్కడ పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని పట్టి వేలమందికి కూలి చూపించారు. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చినా, కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంతకాలం ఇవ్వలేదు. సాయం ఆపిన తర్వాతే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మందికి ఇచ్చారు. ఆ సంఖ్యను మనం జూబిలీల్లో గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు ఆగిన నెలల్ని చెప్పుకోం. మన సాయం తీసుకుని, బాగుపడి, మళ్లీ చర్చి మొహం చూడని మనిషి కూడా మనకు సమ్మతమే కావాలి.

ఒక నంబరు రాసుకోండి, 14416. టెలీ మానస్, మనసు జబ్బులకు సర్కారు పెట్టిన ఫోను సాయం. పగలూ రాత్రీ, డబ్బు ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. చర్చి నోటీసుబోర్డు మీద పెట్టండి. ఒంగోలు రిమ్స్‌లో, నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. ఒక్కర్నే పంపొద్దు, తోడు పోండి, ఓపీ చీటీ మీరే రాయించండి. భోజనాల తర్వాత డాక్టరుగారు వస్తారు. మూర్ఛల గురించి, బాలింతల గురించి ఆయన్ను అడగండి. పేర్లు చెప్పే సేవకుల గురించి అడగాలంటే నా దగ్గరికి రండి, నేను రిటైరయ్యాను, నాకు మొహమాటం లేదు.